కుక్కపిల్ల ఊరుకోవడం, కుదుటపడడం

సారమేయం అంటే సరమ సంతానం. సరమ దేవశునకం. నన్నయభట్టు ఆదిపర్వంలో ఆమె కథ ఆరంభంలోనే వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకు ఆడుకుంటూ వస్తే, రాజు తమ్ములు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి వద్దకు పోయింది. తల్లి వచ్చి, ఏ తప్పూ చేయని పసివాణ్ణి ఎందుకు కొట్టారని రాజునే నిలదీసింది. యుక్తాయుక్తాలు తెలియక సాధువులకు హాని చేసేవారికి అనుకోని భయాలు కలుగుతాయని చెప్పి వెళ్లింది.

ఆ సారమేయానికి ఏడుస్తూ పోవడానికి తల్లి ఉంది. మనం సంచిలోనో బుట్టలోనో పెట్టి ఇంటికి తెచ్చుకొనే కుక్కపిల్లకు ఆ దిక్కు కూడా ఉండదు. నిన్నటి దాకా తోబుట్టువుల మధ్య, తల్లి పొట్ట వెచ్చదనంలో నిద్రించిన ప్రాణి అది. తొలిరాత్రి అది ఏడిస్తే “మొండిది, రెండు రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది” అని వాకిట్లో కట్టివేయడం మనలో చాలామందికి అలవాటు. ఆ అలవాటు తప్పని నా నిశ్చితాభిప్రాయం.

ఊరుకుంటుంది, నిజమే. కాని ఊరుకోవడం వేరు, కుదుటపడడం వేరు. పిలిచినా ఎవరూ రారని తెలిసినందువల్ల ఊరుకుంటుంది. ఇది నా చోటు, వీరు నా వారు అని తెలిసినప్పుడు కుదుటపడుతుంది. బయటికి రెండూ మౌనంగానే కనిపిస్తాయి.

కుదుటపరచడం కష్టమైన విద్య కాదు. పిల్లను తెచ్చేటప్పుడే తల్లి పడుకొన్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోవాలి. ఆ వాసన దానికి ధైర్యం. మొదటి రాత్రులు దాని అట్టపెట్టెను మన మంచం పక్కనే ఉంచి, ఆ తరువాత కొద్దికొద్దిగా దూరం జరపవచ్చు. “కుక్క గడప దాటి లోపలికి రాకూడదు” అనే ఆచారం గల ఇళ్లున్నాయి. వారిని నేను ఆక్షేపించను. అయితే ఆ ఇంటివారిలో ఒకరు నాలుగు రాత్రులు వసారాలోనే పక్క వేసుకొని దాని దగ్గర పడుకోవచ్చు. ఆచారానికి భంగం లేదు, పిల్లకూ దిగులు లేదు.

నిద్ర లేవగానే, తిన్న తరువాత, ఆడిన తరువాత దాన్ని బయటికి తీసుకుపోవాలి. రాత్రి కూడా ఒకటి రెండు మార్లు లేవక తప్పదు. రెండు నెలల పిల్ల తెల్లవార్లూ ఆపుకోలేదు. ఇంట్లో తడిపితే కొట్టడం, ముక్కు నేలకు రాయడం వల్ల అది శుభ్రత నేర్చుకోదు. మనకు కనబడకుండా మూల వెతుక్కోవడం నేర్చుకుంటుంది. ప్రేమతో గిన్నెడు ఆవుపాలో గేదెపాలో పోస్తే చాలా పిల్లలకు విరేచనాలవుతాయి. అంతకుముందు తిన్న ఆహారాన్నే కొన్నాళ్లు రోజుకు మూడు నాలుగు మార్లు పెట్టి, తరువాత మెల్లగా మార్చాలి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష దానికి విషప్రాయాలు.

వయస్సు మాట కూడా చెప్పాలి. చిన్నదైతే ముద్దుగా ఉంటుందని నెల రోజుల పిల్లను తెచ్చేవారున్నారు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017లో కేంద్రప్రభుత్వం చేసిన నియమాలు చెబుతున్నాయి. తోబుట్టువులతో ఆడుతూ, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో పిల్ల నేర్చుకొనేది ఆ వారాలలోనే. సుమారు మూడో వారం నుండి పద్నాలుగో వారం దాకా చూసినవాటిని అది లోకసహజంగా స్వీకరిస్తుంది. కుక్కరు కూత, మిక్సీ మోత, కూరలవాడి కేక, తాతగారి చేతికర్ర అన్నీ అప్పుడే మెల్లగా పరిచయం కావాలి.

టీకాలు ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాల కొకసారి పదహారు వారాల వయస్సు దాకా సాగుతాయి. మూడు నెలలకు రేబిస్ టీకా ఉండనే ఉంది. అవి పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే నేల మీద దింపక, చేతులలో ఎత్తుకొని లోకం చూపించాలి. పార్వో వ్యాధి పిల్లలను రోజులలోనే బలి తీసుకుంటుంది. ఈలోగా దాని పన్ను గాని గోరు గాని గీసుకొని గాయమైతే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు వెళ్లాలి. చిన్నపిల్లే కదా అన్న ఉపేక్ష పనికిరాదు.

ఇంత శ్రమ దేనికి అనేవారికి నా సమాధానం ఒకటే. ఒంటరిగా గొలుసుకు పెరిగిన పిల్ల కొత్తవారిని చూస్తే భయపడుతుంది. భయపడిన కుక్కే తరచు కరుస్తుంది. కరిచినందుకు దాన్ని ఆటోలో తీసుకుపోయి ఊరి చివర వదలివస్తారు. ఇంటి తిండికి అలవాటుపడిన ఆ ప్రాణి వీధిలో బతకలేదు. ఆ వీధిలో నడిచే పసిపిల్లలకూ అది ప్రమాదమే.

కనుక రెండు వారాలు ఇంటిపట్టున ఉండగల మనిషి లేనప్పుడు కుక్కపిల్లను తెచ్చుకోకపోవడమే దయ. తెచ్చుకోదలచినవారు ముందుగా పంచాంగం ఒకసారి చూడండి. ముహూర్తానికి కాదు, దీపావళి ఎంత దూరంలో ఉందో తెలుసుకోవడానికి. టపాకాయలు పేలే వారంలో మాత్రం తేవద్దు.