నడక వీధిలో ఎవరికి చోటు?

పండుగ బట్టలకో, పెళ్లి గాజులకో హైదరాబాద్ పాతబస్తీకి వెళ్లే కుటుంబాలకు చార్మినార్ దగ్గర కొన్నేళ్లుగా ఒక మార్పు కనిపిస్తోంది. 1591లో కట్టిన ఆ కట్టడం చుట్టూ ఒకప్పుడు బస్సులు, ఆటోలు పొగ కక్కుతూ తిరిగేవి. ఇప్పుడు అక్కడ రాతి పలకలు పరిచి, వాహనాలను దూరం పెట్టారు. లాడ్ బజార్‌లో గాజులు బేరమాడి, ఇరానీ చాయ్ తాగి, పిల్లల చెయ్యి పట్టుకొని మక్కా మసీదు దాకా నడవవచ్చు. ఆ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 2021 అక్టోబరు నుంచి కొన్ని ఆదివారాల సాయంత్రాలు పాటలు, తినుబండారాలతో ‘ఏక్ శామ్ చార్మినార్ కే నామ్’ పేరిట వేడుకలూ జరిపారు. కొనడం, తినడం, కాలక్షేపం కాలినడకన ఒకేచోట దొరికే ఇలాంటి వీధుల కోసం మన నగరాలన్నీ ఇప్పుడు పథకాలు వేస్తున్నాయి.

ఇది సంతోషించదగిన మార్పు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 32,825 మంది పాదచారులు. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు నడుస్తూ పోయినవారే. అడ్డంకులు లేని ఫుట్‌పాత్‌పై నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. నడక సౌకర్యం విలాసం కాదు, ప్రాణానికి సంబంధించిన మాట.

అయితే అదే సుప్రీంకోర్టు 1985లో, బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల తరఫున వచ్చిన ఓల్గా టెల్లిస్ కేసులో, బతుకుదెరువు కూడా అదే 21వ అధికరణలో భాగమని చెప్పింది. కాబట్టి ఒకే ఫుట్‌పాత్ మీద రెండు హక్కులు ఎదురుపడుతున్నాయి. ఒకరు నడిచే మనిషి, మరొకరు పళ్ల బండి పెట్టుకున్న మనిషి. వీరిద్దరికీ తగవు పెట్టి తీర్పు చెప్పడం సులువు. కానీ వీధి వెడల్పు ఒకసారి చూడండి. కార్లు, బైకులు, పార్కింగ్ తీసుకోగా మిగిలిన అంచు కోసమే ఈ ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. అసలు పెద్ద వాటా ఎవరు తీసుకున్నారన్నది ఎవరూ అడగరు.

ఢిల్లీ చాందినీ చౌక్ ఈ విషయంలో మంచి పాఠం. ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా సుమారు 1.3 కిలోమీటర్ల వీధిని బాగుచేసి 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలకు ప్రవేశం లేదని నియమం పెట్టారు. ఆ ఒక్క వీధిలోనే జైన మందిరం, గౌరీశంకర ఆలయం, సెంట్రల్ బాప్టిస్టు చర్చి, శీశ్‌గంజ్ గురుద్వారా, మసీదు ఉన్నాయి. ఏ ఆరాధనకు వచ్చినవారైనా ఒకే బాట మీద నడుస్తారు. ఇంతవరకు బాగుంది. కానీ తోపుడుబండ్లు, చిరువ్యాపారులకు అక్కడ అనుమతి లేదంటూ వారిని తొలగించే వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. వాహనాన్ని ఆపిన చోటే పేదవాడినీ ఆపితే ఆ వీధి కొందరి వీధిగానే మిగులుతుంది.

దీనికి చట్టం లేకపోలేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారుల ప్రతినిధులై ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలు. సహజంగా ఏర్పడిన సంతను నిషేధిత ప్రాంతంగా ప్రకటించకూడదు. రద్దీ ఉందన్న ఒక్క కారణంతో వ్యాపారాన్ని నిషేధించకూడదనీ చట్టం చెబుతోంది. చార్మినార్ అయినా, విజయవాడ అయినా, విశాఖ అయినా కొత్త నడక వీధికి గీతలు గీసే ముందు ఆ కమిటీ కూర్చుందా, బండ్లకు చోటు గుర్తించారా అని అడగడం పౌరులుగా మన బాధ్యత.

అడగవలసినవి ఇంకా ఉన్నాయి. చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలు ఉందా? ముసలివారు కూర్చోవడానికి బల్ల ఉందా? స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉందా? డబ్బు పెట్టి ఏమీ కొననివాడు కూడా అక్కడ ఒక గంట గడపగలడా? కారు లేనివారు అక్కడికి చేరేదెలా? హైదరాబాద్ మెట్రో ఇంకా ఎంజీబీఎస్ దగ్గరే ఆగుతోంది, అక్కడి నుంచి చార్మినార్‌కు మళ్లీ బస్సో ఆటోనో చూసుకోవాలి. బాగుపడిన పట్టణానికి గురుతుగా జెకర్యా ప్రవక్త చూపింది చేతికర్రతో వీధిలో కూర్చున్న వృద్ధులను, ఆడుకునే పిల్లలను. నగరపాలక సంస్థలకు కూడా ఇంతకంటె మంచి కొలత దొరకదు.

ఈ కొలతను మన గుమ్మం ముందూ పెట్టి చూద్దాం. ఆదివారం ఆరాధన వేళ అనేక చర్చిల ముందు ఫుట్‌పాత్ పొడవునా కార్లు, బైకులు నిలబడతాయి. ఆ రెండు గంటలు వీధిలోని అమ్మమ్మ, బడిపిల్ల రోడ్డు మధ్యన నడవాలి. సంఘ పెద్దలు పూనుకుంటే దీన్ని మార్చవచ్చు. దగ్గరివారు నడిచి రావాలని చెప్పడం, దూరంవారు బండ్లు పంచుకోవడం, పార్కింగ్‌కు పక్క బడి మైదానాన్ని అడగడం, యౌవనస్థులు ఇద్దరు గేటు దగ్గర నిలబడటం. ఖర్చు లేని పనులివి.

ఈ క్రిస్మస్‌కు ఏ బజారుకు వెళ్లినా బస్సో మెట్రోనో ఎక్కండి. పెద్ద షాపులో అడగని తగ్గింపును పూలమ్మే స్త్రీ దగ్గర మాత్రం పట్టుబట్టి అడగకండి. నడవడానికి చోటు మనకు కావాలి. నిలబడి బతకడానికి చోటు ఆమెకు కావాలి. రెంటికీ సరిపడా వెడల్పు మన వీధులకు ఉంది.