ఈ చావులకు జవాబుదారీ సర్కారే

2018 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగుబంటి దాడికి భార్యాభర్తలిద్దరూ బలయ్యారు. కడుపు మండిన ఊరు ఆ ఎలుగును కొట్టి చంపింది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో తోటకు వెళ్లిన రైతు ప్రాణం పోయింది. మర్నాడు అక్కడే మరికొందరు ముఖాలూ చేతులూ చీల్చుకుపోయి ఆసుపత్రి పాలయ్యారు. విశాఖ జూ నుంచి వచ్చిన బృందం మత్తు సూదితో ఆ జంతువును పట్టుకుంది గానీ, తరలిస్తుండగానే అది చచ్చిపోయింది. 2024 మార్చిలో అదే మండలంలోని అనకాపల్లి జీడితోటలో ఇద్దరు చనిపోయారు, ఒక మహిళ తీవ్రంగా గాయపడింది.

ఆరేళ్లలో ఇవి రాష్ట్రమంతా చూసిన ఘటనలు. చూడనివి ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతపు పల్లెల్లో చాలా ఉన్నాయి. ప్రతిసారీ తంతు ఒకటే. మొదటి రోజు ఏడుపులు, రెండో రోజు వలలూ బోనులూ, మూడో రోజు నాయకుల పరామర్శ, పరిహారం ప్రకటన. వారం తిరిగేసరికి అటవీశాఖ జీపు వెళ్లిపోతుంది. తోట మిగులుతుంది, ఎలుగు మిగులుతుంది, తెల్లారకముందే గంప పట్టుకుని ఆ తోటకే పోవలసిన మనిషీ మిగులుతాడు.

వీటిని ప్రమాదాలు అనడానికి మేము ఒప్పుకోం. ఏ నెలలో, ఏ వేళ, ఎలాంటి చోట జరుగుతాయో ముందే తెలిసినవాటిని ప్రమాదాలు అనరు. తెలిసి పట్టించుకోకపోవడం నేరం. ఆ నేరం రాష్ట్ర ప్రభుత్వానిది, అందులో అటవీశాఖది, గనుల శాఖది. ఇది మేము ఆవేశంతో అంటున్న మాట కాదు.

ఒకసారి మార్చి, ఏప్రిల్ నెలల్లో జీడితోటలోకి వెళ్లి చూడండి. ఇంకా మసక చీకటి ఉండగానే ఆడా మగా చెట్ల కింద వంగి ఏరుతుంటారు. రాలిన పండును ఎడం చేత్తో పట్టుకుని కుడిచేత్తో పిక్కను మెలితిప్పి తీస్తారు. పిక్క గంపలోకి, పండు నేల మీదికి. ధర పిక్కకే. 80 కిలోల బస్తాకు వ్యాపారి ఎంత కడతాడన్న దాని మీదే ఏడాది సంసారం. పండును ఎవరూ కానీ ఇచ్చి కొనరు. పొద్దెక్కేసరికి చెట్టు మొదట్లో ఎర్రవీ పసుప్పచ్చవీ కుప్పలు పడి ఉంటాయి. మధ్యాహ్నానికి ఎండకు పులుస్తాయి. ఆ పులిసిన తీపి వాసన తోట గట్టు దాటి దారిన పోయేవాడికి తగులుతుంది. నేల అడుగున చెదపుట్టను పసిగట్టే ఎలుగు ముక్కుకు అది కొండ దాకా అందదా? రాత్రికి దిగి వస్తుంది, తింటుంది, తెల్లవారుజాముకు ఇంకా తింటూనే ఉంటుంది. మనిషి వచ్చేదీ అప్పుడే.

ఎలుగు మనిషిని తినే జంతువు కాదు. చీమలు, చెదలు, తేనె, పండ్లు దాని తిండి. చూపు మందం. తలవంచి తవ్వుకుంటూనో జుర్రుకుంటూనో ఉన్నప్పుడు పక్కన అలికిడి మీదికొచ్చేదాకా వినిపించుకోదు. ఉన్నట్టుండి మనిషి కనిపిస్తే బెదిరి రెండు కాళ్ల మీద లేస్తుంది, ముఖం మీదికి ఎగబడుతుంది. పిల్లల్ని వీపు మీద మోసుకు తిరిగే తల్లయితే ఇక చెప్పనక్కర్లేదు. ఈ సంగతులన్నీ అటవీశాఖకు తెలిసినవే. ఆ శాఖ తోటకూలీకి చెప్పినది ఎంత? పిక్కలేరే కాలానికి ముందు ఊరూరా దండోరా వేయించి గుంపుగా వెళ్లండి, మాట్లాడుకుంటూ వెళ్లండి, తెల్లగా తెల్లారాకే తోటలో అడుగు పెట్టండి అని చెప్పడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

తెల్లారాక వెళ్లమని చెప్పడం తేలికే, రైతుకు వినడం కష్టం. ఎండ ముదిరితే పని సాగదు, ఆలస్యమైతే పిక్కలు దొంగల పాలవుతాయి. అందుకే అసలు చికిత్స పండు దగ్గర మొదలవ్వాలని మా అభిప్రాయం. గోవాలో ఇదే జీడిపండును పిండి ఫెనీ కాస్తారు. రసం, జామ్, పశువుల దాణా కూడా చేయొచ్చు. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు పరిశ్రమ ఇంత పెద్దగా ఎదిగినా పండు మాత్రం నేల మీద కుళ్లిపోతూనే ఉంది. పండుకు కిలోకు రెండు రూపాయలు పలికినా సాయంత్రంలోగా తోట శుభ్రమవుతుంది. ఎలుగు సమస్యకు మందు ఉద్యానశాఖ దగ్గర, పరిశ్రమల శాఖ దగ్గర ఉందని ఇప్పటిదాకా ఒక్క సమీక్షా సమావేశంలోనైనా ఎవరైనా అన్నారా?

ఇక కొండల సంగతి. టెక్కలి బ్లూ పేరుతో దేశదేశాలకు పోయే నీలి గ్రానైట్ ఈ ప్రాంతపు కొండలదే. ఎలుగు ఉండేదీ ఆ రాళ్ల సందుల్లోనే, బండల కింది గుహల్లోనే. పగలు కొండ మీద పేలుడు, రాత్రి ఊళ్లో ఎలుగు. ఈ రెంటికీ సంబంధం లేదని వాదించేవారు ముందు ఏ కొండలో ఎన్ని గుహలున్నాయో, ఎన్నిట్లో తల్లులు పిల్లల్ని పెడుతున్నాయో లెక్క తీసి చూపాలి. ఆ లెక్క అడగకుండా లీజుల మీద సంతకాలు చేయడాన్ని మేము తప్పుపడుతున్నాం. కొండ వాలుల్లో ఒకప్పటి రేగు, నేరేడు, తునికి, మేడి చెట్లు పలచబడ్డాయి. పైన తిండి పోయింది, కింద పనస, జీడి ఉన్నాయి. జంతువు ఎటు వస్తుందో చెప్పడానికి నిపుణుడు కావాలా?

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఈ నేలను నిలువునా కూల్చింది. కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో పడిపోయాయి. మళ్లీ నాటుకునే శక్తి లేని రైతుల తోటల్లో తుప్పలు పెరిగాయి. పగటిపూట కూడా ఎలుగు దాక్కోగల చోట్లయ్యాయి. తుఫాను పరిహారం లెక్కల్లో పడిపోయిన చెట్లున్నాయి గానీ, ఆ తుప్పలు కొట్టించే కూలీ లేదు. ఉపాధి హామీ పనుల్లో ఊరి చుట్టూ తుప్పలు కొట్టించడాన్ని చేర్చడానికి ఏ చట్టం అడ్డొస్తుంది?

ఈ ప్రాంతపు పటం మీద జంతువుల దారికి అడ్డంగా రెండు గీతలు కూడా ఉన్నాయి. ఒకటి హౌరా-చెన్నై రైలు మార్గం, రెండోది జాతీయ రహదారి 16. పడమటి కొండల నుంచి తీరం తోటలకు రావాలంటే ఎలుగైనా జింకైనా అడవిపందైనా ఈ రెండింటినీ దాటాలి. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరిహద్దులో పెంచ్ అడవి గుండా పోయే జాతీయ రహదారి 44 కింద జంతువుల కోసం దారులు వదిలి వంతెనలు కట్టారు. ఇక్కడ అంత ఖర్చు ఎందుకంటారేమో. ఖర్చు లేనివీ ఉన్నాయి. ఉన్న కల్వర్టుల కింద పూడిక తీయడం, గెడ్డల వెంట జంతువు నడిచే తావు ఆక్రమణ కాకుండా చూడడం, రాత్రిపూట ఆ చోట్ల బండ్ల వేగం తగ్గించే బోర్డులు పెట్టడం. ఇవీ జరగలేదు.

ఎలుగు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే కేసు, జైలు. ఆ చట్టాన్ని మేము సమర్థిస్తాం. కానీ చట్టం ఎలుగుకు నీడ ఇచ్చినప్పుడు, ఆ ఎలుగు పక్కనే బతికే మనిషికి నీడ ఇవ్వాల్సిన బాధ్యత కూడా ఆ చట్టాన్ని అమలు చేసే ప్రభుత్వం మీదే పడుతుంది. పలాస నుంచి విశాఖకు సుమారు 200 కిలోమీటర్లు. ఊళ్లో మనిషి మీద పడ్డ జంతువును పట్టడానికి మత్తు తుపాకీ, పశువైద్యుడు అంత దూరం నుంచి రావాలి. ఆ లోగా ఊరంతా కర్రలతో, సెల్‌ఫోన్లతో చుట్టుముడుతుంది. బెదిరిన జంతువు దొరికినవాడి మీదల్లా పడుతుంది. కిడిసింగిలో రెండో రోజు జనం తిన్న దెబ్బలు ఈ ఆలస్యానికి చెల్లించిన మూల్యం. జూన్ ఎండలో తరుముళ్లు తిని, ఆపై మత్తు సూది పడ్డ ఎలుగు బతికి బట్టకట్టకపోవడం కూడా అందులో భాగమే.

ఊరి జనానికీ ఒక మాట చెప్పాలి. చావు చూసిన కోపాన్ని మేము అర్థం చేసుకోగలం. కానీ వీడియో కోసం పొద దగ్గరికి వెళ్లే కుర్రాళ్లను ఆపాల్సింది ఊరి పెద్దలే. కర్రతో తరిమితే ఎలుగు పారిపోదు, తిరగబడుతుంది. ఒకదాన్ని చంపితే కొండ మీద మరొకటుంది.

అలాగే, ఎలుగులన్నిటినీ పట్టి జూలకు పంపేయండన్న డిమాండు దాడి జరిగిన ప్రతిసారీ నాయకుల నోట వినిపిస్తుంది. ఓట్ల కోసం చెప్పే మాట అది. ఒకటి పోయిన చోటికి తిండి ఉన్నంతకాలం మరొకటి వస్తుంది. ఇక్కడి ఎలుగులు ఇక్కడే ఉంటాయని ముందు ఒప్పుకోవాలి. కర్ణాటక ఆ పని 1994లోనే చేసింది. బళ్లారి ప్రాంతంలో రాళ్ల గుట్టలు, చుట్టూ పొలాలు ఉన్న దరోజీలో ఎలుగుల కోసమే అభయారణ్యం ప్రకటించింది. మందస, వజ్రపుకొత్తూరు కొండలకూ దరోజీ గుట్టలకూ పోలికలు తక్కువేం కాదు. ముప్పై ఏళ్లు గడిచినా మన దగ్గర ఆ ఆలోచన ఫైలు రూపానికైనా వచ్చిందా?

జంతువుతో బతకడం ఈ జిల్లా జనానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. టెక్కలి మండలం తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. సైబీరియా పక్షులని పిలుచుకుంటారు గానీ, నిజానికి ఇవి మన దేశపు పక్షులే. రెట్ట వాసన ఇళ్లలోకి వస్తున్నా ఊరివాళ్లు ఒక్క రాయి విసరరు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదంటారు. అలాంటి చోట 2021 చివర, 2022 మొదట్లో వందకు పైగా గూడబాతులు పొట్టలో నులిపురుగులు పెరిగి చనిపోయాయి. ఊరు తన వంతు చేసింది. అవి చేపలు తినే చెరువులు ఎలా ఉన్నాయో చూడాల్సినవాళ్లు చూడలేదు. సోంపేటలో బీల అనే చిత్తడి నేల కోసం 2010 జులై 14న పోలీసు తూటాలకు ఎదురు నిలిచింది ఈ జిల్లా రైతులూ మత్స్యకారులే. అది నీళ్లూ చేపలూ పక్షులూ అన్నీ ఉన్న నేల అని వాళ్లకు తెలుసు కాబట్టే నిలిచారు. అలాంటి జనాన్ని ఇవాళ ఎలుగుకు శత్రువులుగా మార్చిన పాపం పాలకులది.

ఏనుగుల సంగతిలోనూ ఇదే చూశాం. ఒడిశా నుంచి మందలు రావడం 2007 నాటి నుంచి ఉన్నదే. 2023 మేలో భామిని మండలం కాత్రగడ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ తగిలి ఒకేసారి నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. అవి ఆ దారిన తిరుగుతున్నాయని అందరికీ తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ కంచె వేయాలని ఎవరికీ గుర్తు రాలేదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. పలాసలోనే మత్తు మందు, బోను, బండి, శిక్షణ పొందిన పశువైద్యుడు ఉన్న శాశ్వత బృందం ఉండాలి. విశాఖ నుంచి రావడం ఇకనైనా ఆగాలి. ఎలుగు తిరిగే ప్రతి పంచాయతీలో వీధి దీపాలు వెలగాలి, మరుగుదొడ్డి లేని ఇల్లు ఉండకూడదు, ఎందుకంటే చీకటిలో బయటికి వెళ్లిన ఆడవాళ్లు కూడా దాడులకు గురవుతున్నారు. గాయపడినవారి చికిత్స ఖర్చు మొత్తం ప్రభుత్వమే భరించాలి. ముఖం చీలిపోయినవాడికి నెలల తరబడి శస్త్రచికిత్సలు కావాలి, పని ఉండదు, కొందరికి చూపు కూడా పోతుంది. పరిహారం కోసం కార్యాలయాల చుట్టూ తిరగనక్కర్లేకుండా పంచనామా రోజే మొదటి విడత చేతికి అందాలి. కొత్త క్వారీ లీజులన్నీ ఎలుగు గుహల సర్వే పూర్తయ్యేదాకా నిలిపేయాలి. కొండ వాలుల్లో సరుగుడు, నీలగిరి నాటడం మాని నేరేడు, రేగు, తునికి నాటాలి. జీడిపండును కొనే కేంద్రాన్ని ఒక్క మండలంలోనైనా ఈ ఏడాదే మొదలుపెట్టాలి.

వీటిలో అసాధ్యమైనది ఒక్కటీ లేదు. జిల్లా కలెక్టరు, అటవీ అధికారి, గనుల అధికారి, ఉద్యాన అధికారి ఒక బల్ల చుట్టూ కూర్చుంటే సగం పనులు ఆ రోజే మొదలవుతాయి. ఇప్పటిదాకా కూర్చోకపోవడానికి వారు చెప్పుకునే కారణం ఏదైనా, ఎర్రముక్కాం, కిడిసింగి, అనకాపల్లి ఇళ్లలో అది చెల్లదు.

మార్చి వస్తుంది. జీడిచెట్లు మళ్లీ పండుతాయి. తెల్లారకముందే గంపలు తోటలకు బయల్దేరతాయి. ఆ రోజుకు పలాసలో ఆ బృందం లేకపోతే, తర్వాత జరిగే ప్రతి చావుకూ ఎవరి పేరు రాయాలో మాకు తెలుసు, రాస్తాం.