సలుపా, పోటా, తిమ్మిరా?

మా మేనకోడలు గుంటూరులో ఫిజియోథెరపీ డిగ్రీ పూర్తి చేసుకుని, పై చదువుకని హెర్న్‌డన్‌లో మా ఇంటికి వచ్చి మూడేళ్ళు దాటింది. ఈ మూడేళ్ళలో మా ఇంటికి భోజనానికొచ్చిన తెలుగువాళ్ళంతా ఆ పిల్లని ఇంచుమించు ఒకటే అడిగారు. "ఏం చదువుతున్నావమ్మా?" "స్పోర్ట్స్ సైన్స్ అంకుల్." "అంటే పి.టి. మాస్టారా?" ఆ తర్వాత కాస్త జాలిగా, "కంప్యూటర్స్‌లోకి మారే వీలుందా?" మేమూ మొదట్లో ఇదే అడిగాం కాబట్టి ఎవర్నీ తప్పు పట్టడం లేదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఊళ్ళో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు, "అక్కడ ఎక్సర్‌సైజ్ సైన్స్‌లో ఎం.ఎస్. చేస్తే చాలు, ఫిజియోథెరపిస్టువి అయిపోతావు" అన్నారట. చదువు మాత్రం బాగుంది. మూతికి మాస్కు పెట్టి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి ఎంత ప్రాణవాయువు వాడుకుంటున్నారో కొలవడం, నేలలో అమర్చిన పలక మీద గెంతించి పాదం ఎంత బలంతో దిగుతోందో చూడడం, ఇవన్నీ కళ్ళింతలు చేసుకుని చెప్పేది. ఆటల్లో మోకాలి లిగమెంటు తెగడం ఆడపిల్లల్లో ఎందుకు ఎక్కువో చెప్పి, సాకర్ ఆడే మా అమ్మాయి చేత గెంతి దిగే పద్ధతి మార్పించింది. కానీ ఆ డిగ్రీతో ఇక్కడ రోగి మీద చెయ్యి వెయ్యడానికి లైసెన్సు రాదు. క్రీడాశాస్త్రం ఒక దారి, ఫిజియోథెరపీ ఇంకో దారి. ఈ సంగతి మాకెవరికీ తెలియదు, రెండో సెమిస్టరులో తెలిసింది.

ఇండియాలో బి.పి.టి. అంటే ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళు ఉండేది. అమెరికాలో ఇప్పుడు మామూలు డిగ్రీ అయ్యాక ఇంకో మూడేళ్ళు చదివి డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ పట్టా పుచ్చుకోవాలి. 2015 చివరి నుంచి గుర్తింపు ఉన్న కాలేజీలన్నీ ఈ పట్టానే ఇవ్వాలన్నారు. మనకు దగ్గర్లో ఆర్లింగ్టన్‌లోని మేరీమౌంట్‌లోను, వించెస్టర్‌లోని షెనాండోవాలోను ఈ కోర్సు ఉంది. ఇండియాలో చదివినవాళ్ళు తమ చదువు ఇక్కడి చదువుకు సమానమేనని మదింపు చేయించుకుని, ఇంగ్లీషు పరీక్ష, ఆ పైన జాతీయ పరీక్ష రాయాలి. ఆ పరీక్షకు 200 నుంచి 800 దాకా స్కోరు వేస్తారు, 600 వస్తే గట్టెక్కినట్టు. మా మేనకోడలికి మదింపులో కొన్ని క్రెడిట్లు తక్కువ పడ్డాయి. అవి పూర్తి చేయడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది ఆ పిల్ల నవ్విన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఊళ్ళో మీ చుట్టాల పిల్లలెవరైనా ఈ చదువుకి బయల్దేరుతుంటే, విమానం ఎక్కకముందే "ఏ డిగ్రీ, ఏ లైసెన్సు?" అన్న రెండు ప్రశ్నలు అడగండి.

ఇది రెండో రకం చదువన్న చిన్నచూపు మనలో ఉంది. ఈ దేశంలో ఈ వృత్తి వేళ్ళూనింది మన పక్కనే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల్ని నడిపించడానికి 1918లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో మేరీ మెక్‌మిలన్ పని మొదలుపెట్టింది. 1921లో ఆమె, తోటి మహిళలు కలిసి పెట్టిన సంఘమే ఇప్పుడు అలెగ్జాండ్రియాలో ఉన్న జాతీయ సంఘం. ఇక మనవాళ్ళ సంగతికి వస్తే, పుల్లెల గోపీచంద్‌కి 1994లో మోకాలి లిగమెంటు దెబ్బతింది, ఆపరేషన్లయ్యాయి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆ కప్పు ఫొటో మనందరికీ గుర్తుంది. ఆ మోకాలిని మళ్ళీ కోర్టు మీదకి తెచ్చిన ఏళ్ళ తరబడి వ్యాయామం ఎవరికి గుర్తుంది?

ఇంతవరకు చెప్పింది మేం చూసింది. మా ఆలోచన మార్చింది మాత్రం మా ఇంట్లో పెద్దావిడ భుజం.

కిందటేడు ఆవిడకి కుడిచెయ్యి పైకి లేవడం మానేసింది. దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాం. మా ఇద్దరికీ ఆఫీసులో మీటింగులు, మేనకోడలికి క్లాసు. అందుకని పదకొండేళ్ళ మా అబ్బాయిని లోపలికి తోడు పంపి మేం కారులో ఫోన్లు పట్టుకు కూర్చున్నాం. నానమ్మ చెప్పింది: "భుజం పట్టేసింది. రాత్రిళ్ళు సలుపు. మెడ తిప్పితే జివ్వుమని లాగి, వేళ్ళ దాకా తిమ్మిరెక్కుతుంది." మావాడు దాన్నంతా ఇంగ్లీషులో ఒక్క ముక్కలో చెప్పాడు: "నొప్పిగా ఉందంటోంది." సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పి అని అడిగితే ఆవిడ, "అంకెలేంట్రా, ప్రాణం లాగేస్తుంటే" అంది. వాడు "ఏడు" అన్నాడు.

ఆరు వారాలు భుజానికే వ్యాయామం చేయించారు. చెయ్యి లేవలేదు. ఒక ఆదివారం మేనకోడలు నూనె రాస్తూ, "అమ్మమ్మా, నీకు సలుపా, పోటా, తిమ్మిరా?" అని వరసగా అడిగింది. తిమ్మిరి అనగానే చెయ్యి ఆపేసింది. "మావయ్యా, ఇది ఒక్క భుజమే కాదు, మెడ నరం కూడా చూడాలి." మళ్ళీ వెళ్ళి చెప్పాక వాళ్ళు మెడ పరీక్షించి వ్యాయామాలు మార్చారు. ఇప్పుడావిడ జడ తనే వేసుకుంటోంది. క్లినిక్ వాళ్ళని ఏమీ అనలేం, వాళ్ళకు అందిన మాట ఒకటే కదా.

ఫెడరల్ ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్‌లు అడిగితే ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలని, అత్యవసరమైతే తప్ప పిల్లల చేత అనువాదం చేయించకూడదని 2016 నిబంధనల్లో ఉంది. అది మాకు తెలియదు. పిల్లవాణ్ణి పంపిన తప్పు మాది.

కానీ మావాడు నాలుగేళ్ళుగా మన బడికి వస్తున్నాడు. పద్యం అప్పజెబుతాడు, ఒత్తులు తప్పుల్లేకుండా రాస్తాడు. వాడికి సలుపు, పోటు, తీపు, మంట, బెణుకు, కలుక్కుమనడం వేరువేరని ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఇక్కడ పుట్టిన పిల్లల్లో కొందరు రేపు డాక్టర్లు, థెరపిస్టులు అవుతారు. మోకాలు మార్చిన తాతగారికి కుర్చీలోంచి లేవడం వస్తే చాలనుకుంటారు ఇక్కడ. దానికి మోకాలు 100 డిగ్రీలకు అటూ ఇటూ వంగితే సరిపోతుంది. గొంతుక్కూర్చోవాలంటే 130 దాటాలి. ఆయనకి పూజలో పీట మీద కూర్చోవాలన్న కోరిక ఉందేమో అడగాలని తోచేది ఆ పీట చూసిన పిల్లలకే. వచ్చే ఏడు మన పాఠాల్లో ఒంటి గురించి, నొప్పుల గురించి ఒక పాఠం పెట్టాలని మా కోరిక. పండగల పాఠం ఒకటి తగ్గినా ఫరవాలేదు.

మా మేనకోడలు ఈ వేసవిలో పరీక్ష రాస్తోంది. ఈలోపు ఒక శనివారం నాలుగో తరగతి పిల్లలకి ఆ మాటలు నేర్పుతానంది. బామ్మలు, తాతయ్యలు కూడా రావచ్చు. వైద్యం మాత్రం చేయదు, లైసెన్సు ఇంకా రాలేదు.