ఎండాకాలం సెలవు: కొండలు వద్దు, పార్కులు మనవే

యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన మనలో దాదాపు అందరికీ తెలుసు. దాన్ని మీరిన కంపెనీకి ఒక్కో కార్మికుడి లెక్కన 5,000 దిర్హాములు, గరిష్ఠంగా 50,000 దిర్హాముల జరిమానా పడుతుంది. పనిరోజున ఆ రెండున్నర గంటలు మనల్ని చట్టం కాపాడుతుంది. సెలవు రోజున మాత్రం ఎప్పుడు బయటికెళ్లాలో, ఎక్కడికెళ్లాలో చెప్పేవారు ఉండరు. ఆ రోజు మన ఒంటికి మనమే ఫోర్‌మన్‌లం.

ఈ మధ్య మన కుర్రవాళ్లలో కొత్త సరదా ఒకటి మొదలైంది. నలుగురూ డబ్బులు వేసుకుని కారు మాట్లాడుకోవడం, హత్తాకో, రాస్ అల్ ఖైమాలోని జబల్ జైస్‌కో, ఫుజైరా వాగులకో వెళ్లడం, కొండలెక్కి ఫోన్లో వీడియోలు తీసి ఇంటికి పంపడం. సరదా తప్పు కాదు. ఆరు రోజులు సిమెంటు, ఇనుము మధ్య గడిపినవాడికి కొండ చూడాలనిపించడం సహజం. కానీ జూన్, జులై, ఆగస్టు నెలలు దానికి తగిన కాలం కాదు.

మన ఊళ్ల దగ్గరి గుట్టలకూ ఇక్కడి హజర్ కొండలకూ చాలా తేడా ఉంది. మన గుట్టల మీద కనీసం నాలుగు తుమ్మచెట్లయినా ఉంటాయి. ఇక్కడ నీడే తక్కువ. పొద్దున ఎండ తాకిన రాయి సాయంత్రం దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. లోయల్లోకి దిగితే చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. 2025 మే 24న అబుధాబి ఎమిరేట్‌లోని స్వేహాన్‌లో 51.6 డిగ్రీలు నమోదైంది. అప్పటికి జూన్ కూడా రాలేదు.

ఎండే కాదు, ఈ నెలల్లో మధ్యాహ్నం దాటాక తూర్పు కొండల మీద ఒక్కసారిగా మబ్బు పట్టి వాన కురుస్తుంది. పైన ఎక్కడో కురిసిన వానకు కింద పొడిగా ఉన్న వాగు చూస్తుండగానే పొంగుతుంది. అందుకే వాన వేళ వాగుల దగ్గర గుమిగూడితే 1,000 దిర్హాములు, పొంగుతున్న వాగులోకి బండి దింపితే 2,000 దిర్హాముల జరిమానా వేస్తూ 2023లో నిబంధన తెచ్చారు. బండిని 60 రోజులు పట్టి ఉంచుతారు కూడా.

"మేం రోజూ ఎండలోనే పని చేస్తాం, మాకు ఎండ లెక్కేమిటి?" అనేవాళ్లున్నారు. అలవాటు కొంత కాపాడుతుంది, నిజమే. కానీ ఆరు రోజుల చెమట, చాలని నీళ్లు, చాలని నిద్ర అన్నీ కలిసి ఒంట్లో బాకీలా పేరుకుంటాయి. ఒళ్లు ఎండిపోవడం పదే పదే జరిగితే మూత్రపిండాలు దెబ్బతింటాయని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ఊళ్లో అప్పు తీర్చడానికి వచ్చినవాడు కిడ్నీ జబ్బుతో తిరిగి వెళితే ఆ అప్పు ఎవరు తీరుస్తారు? రోజంతా ఏసీలో పనిచేసే సెక్యూరిటీ, షాపు ఉద్యోగులకైతే ఆ కొద్ది అలవాటు కూడా ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఒళ్లు వేడికి సర్దుకోవడానికే వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

అలాగని సెలవు రోజంతా రూములో పడుకోమని చెప్పడం లేదు. బంకు బెడ్డు మీద ఫోను చూస్తూ, ఇంటి బాధలు తలచుకుంటూ, కొందరైతే సీసా ముందు పెట్టుకుని గడపడం ఎండకంటే మంచిదేమీ కాదు. మనిషికి పచ్చదనం కావాలి, పక్కన మాట్లాడే మనిషి కావాలి. దానికి పార్కులున్నాయి. దుబాయ్‌లో జబీల్ పార్కు, క్రీక్ పార్కు లాంటి పెద్ద పార్కుల టికెట్టు హోటల్లో ఒక పూట భోజనం ఖర్చు కూడా కాదు. కాలనీల్లోని చిన్న పార్కులకు, అల్ కూజ్‌లోని చెరువు పార్కుకు టికెట్టే లేదు. 2023లో జుమైరా 2, జుమైరా 3, ఉమ్ సుఖీమ్ 1 బీచ్‌లలో రాత్రి స్నానాలకు దీపాలు, లైఫ్‌గార్డులు ఏర్పాటు చేశారు.

అయినా మనవాళ్లు చాలామంది పార్కు గేటు దాటరు. "అది ఫ్యామిలీల కోసం, మనలాంటి బ్యాచిలర్ల కోసం కాదు" అని బస్టాండు పక్కన గడ్డి మీద కూర్చుని వచ్చేస్తారు. ఆ బెరుకు వదలాలి. కొన్ని పార్కుల్లో వారంలో కొన్ని రోజులు మహిళలకూ పిల్లలకూ కేటాయిస్తారు. గేటు దగ్గర బోర్డు చూసుకుంటే చాలు. మిగతా రోజుల్లో ఆ పార్కు ఎంత వాళ్లదో అంతే మనది. ఆ పార్కుల్లో గడ్డి పరిచి నీళ్లు పెట్టే చేతుల్లో మన చేతులు కూడా ఉన్నాయి.

వేళ మాత్రం మన రైతులను చూసి నేర్చుకోవాలి. ఎండాకాలం తెల్లవారకముందే పొలానికి వెళ్లి, ఎండ ముదిరేసరికి చెట్టు కిందికి చేరడం మన పెద్దల పద్ధతి. ఇక్కడ కూడా నడక తెల్లవారుజామున, లేదంటే రాత్రి 8 దాటాక. జులై, ఆగస్టుల్లో రాత్రిపూట కూడా 30 డిగ్రీలకు తగ్గని రోజులుంటాయి. సముద్రపు తేమకు చెమట ఆరదు. కాబట్టి పరుగులు, పందేలు మాని నెమ్మదిగా నడవాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతుండాలి. లబన్‌లో చిటికెడు ఉప్పు కలిపితే మన ఊరి మజ్జిగే. ఎనర్జీ డ్రింకులతో పని లేదు.

తోటివాడు తల తిరుగుతోందంటే నీడకు తీసుకెళ్లి కూర్చోబెట్టండి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ప్రవర్తించినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవాలి. అది వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్లు తడిపి, విసరండి. మెడకు, చంకల్లో ఐస్ పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

కంపెనీలకూ, మన తెలుగు సంఘాలకూ ఒక మాట. క్యాంపులు ఊరికి దూరంగా ఉంటాయి. ఆదివారం సాయంత్రం డ్యూటీ బస్సు ఒక్క ట్రిప్పు పార్కుకు వేస్తే అయ్యే డీజిల్ ఖర్చు ఏపాటి? సంఘాలు చలికాలంలో హోటల్ హాళ్లలో పెద్ద సభలు చేస్తున్నాయి. సంతోషమే. ఎండాకాలంలో నెలకొక రాత్రి పార్కులో చాప పరిచి, పులిహోర పొట్లాలతో క్యాంపు కార్మికులను పిలవండి. మునిసిపాలిటీలకు కూడా ఒక విన్నపం. టికెట్టు పార్కులు తెల్లవారుజామున తెరిచి ఉండవు. ఈ మూడు నెలలైనా ఫజర్ నమాజు వేళకే గేట్లు తీస్తే పనివాళ్లకు చల్లని గంట ఒకటి దొరుకుతుంది.

కొండలు ఎక్కడికీ పోవు. నవంబరులో చల్లగాలి మొదలయ్యాక హత్తాకు, జైస్‌కు గుంపుగా, తగినన్ని నీళ్లతో, ఎక్కడికి వెళుతున్నారో రూములో చెప్పి వెళ్లండి. అప్పటిదాకా పార్కు చాలు. ఊళ్లో మీ ఫోటో కోసం చూసేవాళ్ల కంటే మీ కోసం చూసేవాళ్లే ఎక్కువ.