స్కాన్ బాగుందని పైపున్న బిడ్డను వెనక్కి పంపొద్దు!

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల తల్లిదండ్రులారా, ఆశా అక్కలారా, డాక్టర్లారా!

తలలో నీరు చేరి పసితనంలోనే పైపు (షంట్) వేయించుకున్న మన జిల్లా పాప ఒకతె మొన్న చూపు పోగొట్టుకుంది. నెలల తరబడి పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతులు. తీసుకుపోయిన ప్రతిచోటా స్కాన్ తీసి, "నీళ్లేం లేవు, పైపు బాగుంది" అని మాత్రలిచ్చి పంపినారు. తలలో ఒత్తిడిని పట్టిచ్చే కంటి నరం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. వానను నమ్మి చేసిన సేద్యం ముంచితే వాళ్ల నాయన బెంగళూరులో ఇటుకలు మోస్తున్నాడు. బిడ్డను కాపాడగల ఆసుపత్రులు ఆ ఊళ్లోనే ఉన్నాయని ఆయనకు చెప్పిన దిక్కు లేదు.

"స్కాన్‌లో ఏమీ లేదు" అన్న ఆ మాట మీదే మా కోపమంతా. పైపు నీటిని అతిగా లాగేస్తే పుర్రెను బయటికి నెట్టే బలం తగ్గుతుంది. కొందరు పిల్లల్లో ఎముకల అతుకులు ముందే కలిసిపోతాయి, ఎముక మందమవుతుంది. మెదడు మాత్రం పెరుగుతూనే ఉంటుంది, దానికి చోటు చాలదు. లోపలి నీటి గదులు సన్నని చీలికల్లా బిగుసుకుపోయి ఒత్తిడి ఎంత పెరిగినా ఉబ్బవు. అందుకే పైపు మూసుకుపోయినా కొత్త స్కాన్ పాతదానిలాగే కనిపిస్తుంది. న్యూరోసర్జరీ పుస్తకాల్లో దశాబ్దాలుగా ఉన్న ఈ సంగతి మన ఎమర్జెన్సీ వార్డు బల్ల దాకా ఎందుకు రాలేదు?

ముందు పైపును పరీక్షించాలి, అవసరమైతే నీటిని అదుపు చేసే దాని వాల్వు మార్చాలి. అప్పటికీ ఒత్తిడి దిగకపోతే పుర్రె ఎముకలు కోసి, వెడల్పు చేసి బిగించి మెదడుకు చోటివ్వాలి. పుర్రె కోస్తే ప్రమాదం కదా అంటారు. రక్తం పోతుంది, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, నిజమే. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. ఇలాంటి పిల్లలు ఎందరుంటారని అడిగేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక మాకు లేదు.

మనసుంటే మార్గముంటుంది. 1956లో కన్నకొడుకు కోసం ఈ పైపుకు వాల్వు తయారుచేసిన జాన్ హోల్టర్ డాక్టరు కాడు, ఫిలడెల్ఫియాలో యంత్రాల పనివాడు. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే చవకైన చాబ్రా షంట్ ఆఫ్రికా పిల్లలకూ అందింది. పేదలకు ఉచిత వైద్యమిచ్చే సర్కారు పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి అనంతపురం ఒకటి. పైపు వేయించిన సర్కారు, ఆ పైపుతో వచ్చిన కష్టానికి ముఖం తిప్పుకుంటే ఊరుకోం.

పైపున్న బిడ్డ తలనొప్పి అంటే అదే రోజు కంటి నరం చూడాలి. అక్కడ వాపు లేదని కూడా ఇంటికి పంపరాదు, న్యూరోసర్జన్ చూసి తీరాలి. తలలో ఒత్తిడి కొలిచే పరీక్ష, పుర్రె వెడల్పు చేసే ఆపరేషన్ రెండూ ఆ ఆరోగ్యశ్రీకే ఇప్పటి పేరైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద, కర్నూలైనా బెంగళూరైనా, ముందు రూపాయి కట్టమనకుండా జరగాలి. సరిహద్దు అడ్డమని చెప్పొద్దు. బెంగళూరు ఆసుపత్రులకు ఈ పథకం 2019 నవంబరులోనే దారి తెరిచింది.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. పైపున్న బిడ్డల తల్లిదండ్రులు పాత స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జి చీటీలు అన్నీ వెంట తెండి.