విహారయాత్రలో విశ్రాంతి ఎవరికి?

మధ్యతరగతి తెలుగు కుటుంబాల్లో "అండమాన్ వెళ్లొచ్చాం" అనే మాట ఇప్పుడు మామూలయిపోయింది. ఒకప్పుడు తిరుపతి, కాశీ, మహా అయితే ఊటీ. ఇప్పుడు నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు, మూడు దీవులు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగడం (2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు), సెల్యులార్ జైలు చూడటం, అక్కడి నుంచి ఫెర్రీలో హేవ్‌లాక్‌కి, హేవ్‌లాక్ నుంచి నీల్‌కి (2018 నుంచి ఇవి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్), తిరిగి పోర్ట్ బ్లెయిర్‌కి రావడం. సొంతూరు ఎల్‌టీసీకి బదులు అండమాన్‌కు విమానంలో వెళ్లే సడలింపును కేంద్ర ప్రభుత్వం చాలా ఏళ్లుగా పొడిగిస్తూ రావడంతో ఉద్యోగుల కుటుంబాలకు ఈ ప్రయాణం మరింత అందుబాటులోకి వచ్చింది. దీనికి ట్రావెల్స్ వాళ్లు పెట్టిన పేరు "ఫ్యామిలీ ప్యాకేజీ". కుటుంబం మొత్తానికి కలిపి అమ్మే ఈ విశ్రాంతిలో స్త్రీ వాటా ఎంత అన్నదే నా ప్రశ్న.

కూలి, ఆస్తి, హింస, ఆరోగ్యం - వీటి గురించి స్త్రీల ఉద్యమం మాట్లాడినంతగా విశ్రాంతి గురించి మాట్లాడలేదు. ప్రాణం మీదికి వచ్చిన సమస్యలుండగా బీచి గురించి చర్చేమిటని మనకే సంకోచం. కానీ విశ్రాంతి హక్కు మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ ప్రతి మనిషి హక్కుగా గుర్తించింది. 1993లో మన దేశం ఆమోదించిన సీడా ఒప్పందం 13వ అధికరణంలో వినోదంలో, ఆటల్లో, సాంస్కృతిక జీవితంలో స్త్రీలకు సమాన హక్కు ఉంది. మన రాజ్యాంగం 43వ అధికరణం కూడా కార్మికులకు తీరికను పూర్తిగా అనుభవించే పరిస్థితులు కల్పించాలని రాజ్యానికి చెబుతోంది. అయితే ఆ "కార్మికులు" అన్న మాటలో ఇంట్లో చాకిరీ చేసే స్త్రీని ఎవరు లెక్కపెట్టారు? ఆమె చేసేది పనే కానప్పుడు ఆమెకు సెలవు ఎక్కడి నుంచి వస్తుంది?

2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు సగటున రోజుకు 289 నిమిషాలు అందులో గడుపుతున్నారు. ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు గడిపేది 88 నిమిషాలు. అసలు చెయ్యి పెట్టేవాళ్లే నూటికి 27 మంది. స్త్రీలయితే నూటికి 81 మందికి పైనే. 2019 సర్వేలో ఈ నిమిషాలు 299, 97. అయిదేళ్లలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గితే మగవాళ్ల పని కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. అంటే ఆ భారాన్ని మగవాళ్లు పంచుకున్నారని చెప్పుకునే వీలు కూడా లేదు.

ఈ చాకిరీ ఇంటికి తాళం వేస్తే ఆగుతుందా? పోయిన జనవరిలో మా కుటుంబంతో నేనూ ఈ ప్రయాణం చేశాను. ఫెర్రీలో, హోటల్లో, బీచిలో మనవాళ్లు ఎందరో కలిశారు. ఎవరితో మాట్లాడినా ప్రయాణం పది రోజుల ముందే మొదలయింది - స్త్రీకి మాత్రమే. పిల్లల మందులు, అత్తగారి బీపీ మాత్రలు, ఆధార్ జిరాక్సులు, చేగోడీలు, కందిపొడి, ఆవకాయ సీసా, చిన్న రైస్ కుక్కర్. పాలవాడికి చెప్పడం, తులసికోటకి నీళ్లు పోసే మనిషిని చూడటం. వీటన్నిటితో పాటు తేదీలు లెక్క పెట్టుకుని నెలసరి వాయిదా వేసే మాత్రలు కొనుక్కోవడం. టిక్కెట్టు తేదీ ఎవరో నిర్ణయిస్తారు, దానికి అనుగుణంగా ఒళ్లు మార్చుకోవలసింది ఆమె. డాక్టరుని అడక్కుండా ఈ మాత్రలు మింగినవాళ్లు నాకు ఒక్క ఫెర్రీలోనే ముగ్గురు కనిపించారు. జెట్టీల్లో, బీచిల్లో శుభ్రమైన మరుగుదొడ్లు, బట్ట మార్చుకునే గదులు ఉంటాయన్న నమ్మకం ఉంటే ఆ మాత్రల అవసరం ఎంతమందికి ఉండేది?

అక్కడికి వెళ్లాక పని రూపం మారుతుంది, పని తగ్గదు. ఉదయపు ఫెర్రీ కోసం చీకటితో లేచి అందరినీ లేపేది ఆమె. కడుపులో తిప్పితే పాలిథిన్ కవరు పట్టేది ఆమె. హోటల్ టిఫిను పిల్లలకి సయించకపోతే గదిలో కుక్కర్ పెట్టేది ఆమె. ఉప్పునీళ్ల బట్టలు జాడించి బాల్కనీలో ఆరవేసి, మర్నాడు తడివి తడిగానే పెట్టెలో కుక్కేదీ ఆమే. భర్త మంచివాడయితే "నువ్వు కూడా రెస్టు తీసుకోవచ్చుగా" అంటాడు. పని ఎవరు చెయ్యాలో చెప్పకుండా రెస్టు తీసుకోమనడం అందరికీ తేలికే.

రాధానగర్ బీచి చాలా అందమైనది, ఆ మాట ఒప్పుకోవాలి. తెల్లటి ఇసుక, వెనక పెద్ద పెద్ద చెట్లు, లోతు తెలియని నీలం. కానీ సాయంత్రం పూట అక్కడ నిలబడి నీళ్లలో ఎవరున్నారో, గట్టున ఎవరున్నారో చూడండి. మగవాళ్లూ పిల్లలూ అలల్లో ఉంటారు. చెప్పులు, తువ్వాళ్లు, ఫోన్లు, కళ్లద్దాలు ఒళ్లో పెట్టుకుని కాపలా కూర్చున్నది తల్లులు, అత్తలు, అమ్మమ్మలు. మహా అయితే చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి పాదాలు తడుపుకుంటారు. దీన్ని సిగ్గు అనో, అలవాటు అనో తేల్చేస్తాం. ఆ సిగ్గు ఎలా తయారయిందో చూడాలి. పెద్దమనిషి అయిన ఆడపిల్లకి చెరువులో ఈత మాన్పించిన ఊళ్లు మనవి. తడిసిన చీర ఒంటికి అంటుకుంటే చూసే చూపులు మనవాళ్లవే. ఇప్పుడయితే చూపుతో పాటు చేతిలో కెమెరా ఫోను. ఈత రాకపోవడం, తడిసిన ఒంటి గురించిన భయం, సామాను బాధ్యత - ఈ మూడూ కలిసి ఆమెను గట్టున కూర్చోబెడుతున్నాయి.

గట్టు దిగినవాళ్లూ కనిపించారు. ఎలిఫెంట్ బీచిలో రాజమండ్రికి చెందిన ఒక రిటైర్డ్ టీచరు, అరవై దాటిన మనిషి, లైఫ్ జాకెట్ కట్టుకుని ముఖానికి అద్దాలు పెట్టుకుని, గైడు చెయ్యి పట్టుకుని నీళ్లలో తేలుతూ పగడపు దిబ్బలు చూసి వచ్చింది. ఎలా ఉందండీ అని అడిగాను. చేపల గురించి చెబుతుందనుకున్నాను. "అరగంట సేపు నన్నెవరూ పిలవలేదండీ" అంది. విశ్రాంతికి ఇంతకంటె మంచి నిర్వచనం సమాజశాస్త్ర గ్రంథాల్లో నేను చదవలేదు. అందుకే టూర్లు మానెయ్యమని నేను అనటం లేదు. ఆ అరగంటను అయిదు రోజులకి ఎలా పెంచాలి, అది అందరు స్త్రీలకీ ఎలా అందాలి అన్నదే సమస్య.

"అందరు స్త్రీలు" అన్నప్పుడు మన తీరిక ఎవరి శ్రమ మీద నిలబడిందో కూడా చూడక తప్పదు. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో జనం చాలావరకు దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల సంతతి. మేమున్న హోటల్లో గదులు తుడిచే అమ్మాయి ఆ కుటుంబాల్లోని మూడో తరం. సీజనులో ఒక గది ఖాళీ అయి ఇంకొకరు దిగేలోగా దుప్పట్లు మార్చి, బాత్‌రూములో మన ఇసుక కడగాలి. బీచికి నడిచి వెళ్లే దూరంలోనే ఆమె ఇల్లు. సీజను అయిపోయేదాకా సముద్రం వైపు పోయే తీరిక ఉండదని చెప్పింది. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మన మత్స్యకార కుటుంబాలున్నాయి. 2011 జనగణనలో ఆ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 13 శాతం. చేపలమ్మే ఒకామెను బీచిలు చూశావా అని అడిగితే నవ్వింది. "మాకేటమ్మా టూరు, పొద్దు లేస్తే సముద్రమే గదేటి. ఒక్క రోజు గంప దించితే చాలు" అంది. సముద్రం పక్కన పుట్టి పెరిగినా వేటకు పడవెక్కడం మగవాళ్ల పని, గంప మొయ్యడం ఆమె పని. మనకు విహారమయిన చోటే ఆమెకు బతుకుతెరువు.

జారవా స్త్రీల సంగతి ఇంకా బాధాకరం. అండమాన్ ట్రంకు రోడ్డు వాళ్ల అడవి గుండా పోతుంది. అక్కడి భాగాలను మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించినా రోడ్డు నడుస్తూనే ఉంది. టూరిస్టుల ముందు జారవా స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియో 2012లో బయటికి వచ్చి ప్రపంచమంతా చూసింది. ఆ ఏడే చట్టంలో శిక్షలు పెంచారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ దారిలో టూరిస్టులను కొద్ది వారాలు ఆపింది కూడా. 2011 జనగణన నాటికి జారవాలు నాలుగు వందల లోపే. సున్నపురాతి గుహలు చూడటానికి బారాటాంగ్ వెళ్లే కాన్వాయిలో కూర్చుని "జారవాలు కనిపిస్తారా" అని పిల్లలకి ఆశ పెట్టే తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆలోచించాలి. బీచిలో మన ఒంటి మీద పడే చూపు మనకి హింస అయితే, కారు కిటికీ లోంచి ఆమె మీద పడే మన చూపు ఏమిటి? ఆమెను చూడకుండా ఉండటం కూడా ఒక హక్కుల పోరాటమే.

ఇక మన ఇంటి సంగతి. మనం టూరుకి వెళ్లిన ఆరు రోజులకి పనిమనిషికి జీతం ఇచ్చామా, కోశామా? "పని లేదుగా" అని కోసే ఇళ్లు చాలా ఉన్నాయి. మన సెలవు ఆమెకు జీతంలేని నిరుద్యోగం. ఇంటి పనివారికి వారానికి ఒక పూర్తి రోజు సెలవు, జీతంతో కూడిన వార్షిక సెలవు ఉండాలని 2011లో ఐఎల్ఓ 189వ ఒప్పందం చెప్పింది. మన ప్రభుత్వం అక్కడ దానికి అనుకూలంగా ఓటు వేసింది, ఇక్కడ ఆమోదించడం మాత్రం మానుకుంది. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలది ఇంకో రకం. "గౌరవ వేతనం" పేరుతో వాళ్లను ఉద్యోగులే కాదన్న చోట సెలవు కూడా పోరాడి తెచ్చుకోవలసిన వస్తువే. మన సంస్థల్లో మాత్రం? ఫీల్డు కార్యకర్త ఏడాదికి ఎన్ని రోజులు నిజంగా సెలవు తీసుకుంటోంది? రిసార్టులో రెండు రోజుల శిక్షణ పెట్టి దాన్నే విశ్రాంతి అనుకోమనడం మనకీ అలవాటయింది.

ఫ్యామిలీ ప్యాకేజీ అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. ఒంటరి స్త్రీ వెళితే గది ఖర్చంతా ఆమె నెత్తినే. భర్త చనిపోయిన తల్లి వస్తే "ఎక్స్‌ట్రా బెడ్". నిజానికి ఈ దీవుల్లో కుటుంబం ఎప్పుడూ సహజంగా ఏర్పడలేదు. 1858లో ఖైదీల వలస మొదలయ్యాక బ్రిటిషు ప్రభుత్వం స్త్రీ ఖైదీలనూ అక్కడికి పంపింది. సౌత్ పాయింట్‌లో వాళ్లకి వేరే జైలు ఉండేది. మగ ఖైదీలు కుదురుగా స్థిరపడాలంటే భార్యలు కావాలని వాళ్లకి పెళ్లిళ్లకు అనుమతులిచ్చింది. సెల్యులార్ జైలు చూసి కళ్లు చెమర్చే మనకి ఆ స్త్రీల కథ ఎవరూ చెప్పరు. మగవాడు కుదురుగా ఉండటానికి కుటుంబం, కుటుంబం కుదురుగా ఉండటానికి స్త్రీ శ్రమ - ఈ సూత్రం అప్పటి నుంచి ఎంత మారిందో ఆలోచించాలి.

చెయ్యగలిగినవి ఉన్నాయి. ఇంటి పనివారికి, యజమాని ఊళ్లో లేని రోజులతో సహా, జీతంతో సెలవు కావాలని మన యూనియన్లు డిమాండు పత్రంలో చేర్చాలి. అంతకు ముందు ఆ పని మన ఇళ్లలో మొదలు కావాలి. మునిసిపల్ ఈత కొలనుల్లో ఆడపిల్లలకీ పెద్దవాళ్లకీ వేళలు, మహిళా శిక్షకులు కావాలని అడగాలి. జెట్టీల్లో, బీచిల్లో మరుగుదొడ్లు, బట్ట మార్చుకునే గదులు పర్యాటక శాఖ బాధ్యత. జారవాల రోడ్డు మీద ప్రయాణం మానుకోవడం మన బాధ్యత. ఇంట్లో అయితే టిక్కెట్లు కొనకముందే పని పంచుకోవాలి: ఎవరు సర్దుతారు, ఎవరు లేపుతారు, ఎవరు బట్టలు ఆరవేస్తారు, ఏ పూట ఎవరు గట్టున కూర్చుంటారు.

ఇవి చిన్న విషయాలని కొట్టిపారెయ్యకండి. ఎనిమిది గంటల పని కోసం కార్మికులు ప్రాణాలిచ్చింది మిగిలిన గంటలు తమవి కావాలనే. ఆ మిగిలిన గంటలు స్త్రీకి ఇంతవరకూ రాలేదు. ఇంట్లోనే రానివి దీవిలో వాటంతట అవి రావు. అడిగి తీసుకోవాలి.