ఊళ్లో పరపతి వేరు, బ్యాంకులో పరపతి వేరు



మనలో చాలామంది గల్ఫ్‌కు వచ్చిందే ఊళ్లో ఒక స్లాబు ఇల్లు వేసుకోవాలని. మరి ఆ ఇంటికి అప్పు ఎక్కడ తెస్తున్నాం? ఎంత మిత్తికి తెస్తున్నాం? ఈసారి ఆ సంగతి మాట్లాడుకుందాం.

మా రూములో ఒక తమ్ముడు ఉన్నాడు. దుబాయ్‌లో 11 ఏళ్ల సర్వీసు. పోయిన సెలవులో హోమ్ లోన్ కోసం బ్యాంకుకు పోతే కుదరదన్నారు. కారణం ఏందంటే, ఐదేళ్ల కింద బావమరిది బైకు లోనుకు ఈయన జమానతు సంతకం పెట్టాడు. బావమరిది కిస్తీలు ఆపేశాడు. ఈయనకు ఆ ముచ్చటే తెలియదు, కానీ రికార్డులో ఈయన పేరు మీద బాకీ కనిపించింది. చివరికి ఊళ్లోనే రెండు రూపాయల మిత్తికి 5 లక్షలు తెచ్చాడు.

లెక్క వేయండి. వందకు రెండు రూపాయలంటే 5 లక్షలకు నెలకు 10,000. పదేళ్లు కడితే మిత్తికే 12 లక్షలు పోతాయి, అసలు అట్లనే ఉంటుంది. అదే బ్యాంకులో ఏడాదికి 9 శాతం మీద పదేళ్లకు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 6,300. పదేళ్లకు అసలూ మిత్తీ రెండూ తీరిపోతాయి. ఈ తేడా అంతా మనం ఎండలో చేసిన డ్యూటీ.

"మన మాట మీద ఊళ్లో ఎవరైనా ఇస్తారు, బ్యాంకు చుట్టూ ఎవరు తిరుగుతారు?" అంటారు మీరు. నిజమే. ఊళ్లో మన పరపతి అంటే మన నాన్న పేరు, మన మాట. బ్యాంకోళ్లకు మన నాన్న తెలియదు, వాళ్లు కాగితమే చూస్తారు. సిబిల్ లాంటి సంస్థలు మన పాత అప్పులు, కిస్తీలు చూసి 300 నుంచి 900 మధ్య స్కోరు ఇస్తాయి. 750 దాటితే మామూలుగా మంచి స్కోరు కింద లెక్క.

ఒక మాట సూటిగా చెప్తా, ఏమనుకోవద్దు. రేటు నాలుగు పైసలు ఎక్కువని హుండీలో పంపుతున్నాం. అది చట్టానికి విరుద్ధం. పైగా ఆ పైసలకు రికార్డు ఉండదు. పదేళ్లు పంపినా బ్యాంకు లెక్కలో ఒక్క రూపాయి పంపనట్టే.

బ్యాంకులదీ తప్పుంది. నెల రోజుల సెలవులో వచ్చిన కూలీని కాగితం తర్వాత కాగితం అడిగి తిప్పుతారు. దీని మీద మనం గట్టిగా అడగాల్సిందే. అడగాలంటే ముందు మన కాగితం సక్కగా ఉండాలి.

ఇవి చేయండి:

1. సెలవుకు పోకముందే మీ రిపోర్టు చూసుకోండి. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం ప్రతి క్రెడిట్ సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పు ఉంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి.

2. జీతం స్లిప్పులు, కాంట్రాక్టు దాచిపెట్టండి. ఇంటికి పైసలు ఎన్‌ఆర్‌ఈ ఖాతా ద్వారానే పంపండి.

3. జమానతు సంతకం అంటే ఆ అప్పు మీదే అనుకోండి. పెట్టినా కిస్తీలు కడుతున్నారో లేదో కనుక్కుంటూ ఉండండి.

4. పైసలిస్తే స్కోరు పెంచుతామనే వాళ్లను నమ్మొద్దు. నిజమైన బాకీని ఎవరూ తుడిచేయలేరు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

5. బ్యాంకు మిమ్మల్నే కాదు, జాగనూ చూస్తుంది. సాదాబైనామా, నోటరీ కాగితం మీద కొన్న ప్లాటుకు లోను రావడం కష్టం. బ్యాంకు వద్దన్న జాగ కొనేముందు మీరూ ఒకసారి ఆలోచించండి.

మా తమ్ముడు ఇప్పుడు ఆ బైకు బాకీ కట్టేసి, బ్యాంకు నుంచి బాకీ లేదనే కాగితం తీసుకునే పనిలో ఉన్నాడు. వీసా రెన్యువల్ తేదీ మనం మర్చిపోం కదా? ఏడాదికి ఒకసారి ఈ రిపోర్టు చూసుకోవడం కూడా అట్లనే గుర్తుపెట్టుకోండి. మీ రూములో వాళ్లకూ చెప్పండి.